నాలుగు రోజుల జాతర, 4.7 జీబీ డిస్కు

మేడారం జాతర నాలుగు రోజులది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. గురువారం చిలకలగుట్ట దిగి సమ్మక్క గద్దెకు చేరుతుంది. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమికి వచ్చే ఈ జాతరను కెమెరాలో పట్టి ఇంట్లో దాచుకోవడం కొత్త సంగతేమీ కాదు. 2004, 2006, 2008, 2010, 2012, 2014 జాతరలు ఆరూ డీవీడీ బాగా నడిచిన రోజుల్లో జరిగాయి. జంపన్న వాగులో స్నానం, పిల్లవాడి పుట్టువెంట్రుకలు, నిలువెత్తు బంగారమనే బెల్లం తూకం, గద్దెల ముందు ఒడిబియ్యం, ఇవన్నీ మినీ డీవీ టేపు మీదికెక్కి, కంప్యూటర్‌లోకి దిగి, చివరికి ఒక డిస్కై బీరువాలో చేరాయి.

ఆ డిస్కుల్ని మళ్లీ చూద్దామంటే ఇప్పటి ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ ఉండదు. ఇంకోవైపు, ఫోన్‌లో తీసిన జాతరను టీవీలో చూపించమని అడిగే పెద్దవాళ్లు, డీవీడీ ప్లేయర్ పక్కన పెట్టని పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పాత డిస్కు తెరవాలన్నా, కొత్తది తయారు చేయాలన్నా సాఫ్ట్‌వేర్ కంటే ముందు కాగితం మీద వేయాల్సిన లెక్క ఒకటుంది. బొమ్మ మసకబారిందని, చతురస్రాలుగా పగిలిందని, టీవీలో అసలు ఆడటం లేదని వినిపించే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఆ లెక్క వేయకపోవడమే.

37,600 గుర్తుంచుకోండి

అట్ట మీద 4.7 జీబీ అని ఉంటుంది. కంప్యూటర్‌లో పెడితే 4.38 అని చూపిస్తుంది. దుకాణదారు మోసం చేశాడని అనుకోనక్కర్లేదు. డిస్కు తయారీదారులకు ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్‌కు ఒక జీబీ అంటే 1,07,37,41,824 బైట్లు. 470 కోట్ల బైట్లను ఈ రెండో అంకెతో భాగిస్తే 4.38 వస్తుంది. రెండూ ఒకటే స్థలం.

బైటుకు 8 బిట్లు. కాబట్టి డిస్కులో పట్టేది 3,760 కోట్ల బిట్లు, అంటే 37,600 మెగాబిట్లు. మీ వీడియో ఎన్ని సెకన్లుందో చూసి, 37,600ను ఆ సెకన్లతో భాగించండి. ఒక్కో సెకను బొమ్మకూ శబ్దానికీ కలిపి దక్కే వాటా తెలిసిపోతుంది. గంట వీడియోకు 10.4 మెగాబిట్లు. గంటన్నరకు దాదాపు 7. రెండు గంటలకు 5.2. మూడు గంటలకు 3.5. నాలుగు గంటలు ఒక్క డిస్కులో కుక్కితే 2.6. ఇందులోంచి 5 శాతం మెనూలకూ ఫైళ్ల నిర్వహణకూ వదిలేయాలి. ఆపైన శబ్దం వాటా తీసేస్తే మిగిలేది బొమ్మది.

శబ్దం దగ్గర చాలామంది స్థలం వృథా చేస్తారు. కుదించని పీసీఎం శబ్దం సెకనుకు 1,536 కిలోబిట్లు తింటుంది. రెండు గంటల వీడియోలో అది 1,382 ఎంబీ, డిస్కులో 29 శాతం. అదే శబ్దాన్ని ఏసీ-3 పద్ధతిలో 192 కిలోబిట్లకు కుదిస్తే 173 ఎంబీతో సరిపోతుంది. డప్పుల మోత, శివసత్తుల కేకలు, జనం ఘోష ఉన్న చోట 224 పెట్టుకోండి, చాలు. ఇంటి వీడియోకు పీసీఎం అక్కర్లేదు.

గంట వీడియోకు 10.4 దొరుకుతోంది కదా అని అంతా బొమ్మకే ఇవ్వడానికీ వీల్లేదు. డీవీడీ నియమాల ప్రకారం బొమ్మకు గరిష్ఠ పరిమితి సెకనుకు 9.8 మెగాబిట్లు, అన్నీ కలిపి 10.08. ఇంట్లో రాసిన డిస్కును చదవడానికి పాత ప్లేయర్లు మామూలుగానే తడబడతాయి కాబట్టి గరిష్ఠాన్ని 8 దగ్గర ఆపడం మంచిది. నన్నడిగితే ఒక డిస్కుకు గంటన్నర సరైన నిడివి. రెండు గంటలు దాటితే రెండో డిస్కు తీయండి. 8.5 జీబీ పట్టే రెండు పొరల డిస్కులూ ఉన్నాయి కానీ వాటి ధర ఎక్కువ, పాత ప్లేయర్లతో పేచీ ఎక్కువ.

వాగు నీళ్లు, ఎదురుకోళ్లు, ఎర్ర దుమ్ము

మన దేశపు టీవీలకు అలవాటైన పాల్ పద్ధతిలో డీవీడీ బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. మొత్తం 4,14,720. సెకనుకు 25 బొమ్మలు. రంగులతో కలిపి ఏమీ కుదించకుండా రాస్తే సెకనుకు 124 మెగాబిట్లు అవుతుంది. మన దగ్గరున్నది 5. అంటే 25 వంతుల్లో ఒక వంతుతో పని నడవాలి.

నడిపించేది ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతి. పాల్ డీవీడీలో ఎక్కువలో ఎక్కువ 15 బొమ్మలకు ఒకసారి పూర్తి బొమ్మ రాస్తారు. మధ్యలో వాటికి, ముందు బొమ్మకూ దీనికీ ఏం మారిందో అంతవరకే రాస్తారు. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషిని తీస్తే మారేది పెదవులు, కళ్లు మాత్రమే. 3 మెగాబిట్లతో కూడా శుభ్రంగా కనిపిస్తాడు.

జాతరలో కదలనిది ఏదీ ఉండదు. జంపన్న వాగులో వేలమంది ఒకేసారి మునుగుతుంటే ప్రతి నీటి తుంపరా ప్రతి బొమ్మలో కొత్త చోట ఉంటుంది. అమ్మవారు వచ్చే దారిలో ఎదురుకోళ్లు గాల్లోకి లేస్తాయి, పసుపు కుంకుమలు ఎగురుతాయి, అడవి దారి ఎర్ర దుమ్ము వాటన్నిటి మీదా కమ్ముకుంటుంది. ఇలాంటి చోట ఎంపెగ్-2కు మార్పులు రాయడానికి బిట్లు చాలవు. అప్పుడే బొమ్మ చిన్న చిన్న గళ్లుగా పగులుతుంది. పాత డిస్కుల్లో సమ్మక్క ఆగమనం ఘట్టమే అన్నిటికంటే అధ్వానంగా కనిపించడానికి కారణం ఇదే. నాలుగు గంటల టేపుల్ని ఒక్క డిస్కులో ఇరికించి, అంతటికీ 2.6 మెగాబిట్లే పంచితే ఆ ఘట్టం దెబ్బతినక మానదు. 60 నిమిషాల మినీ డీవీ టేపు కంప్యూటర్‌లోకి దిగితే 13 జీబీ. నాలుగు టేపులు 52 జీబీ. దాన్ని 4.7లోకి దించారంటే 11 వంతుల్లో ఒక్కటే మిగిలిందన్నమాట.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది సాఫ్ట్‌వేర్‌లో ఉంది. స్థిరమైన రేటు కాకుండా మారే రేటు ఎంచుకుని, రెండుసార్లు చూసి కుదించే పద్ధతి పెట్టండి. సగటు 5, గరిష్ఠం 8 అని చెబితే, మొదటిసారి మొత్తం వీడియో చూసి ఎక్కడ కదలిక ఎక్కువో గుర్తిస్తుంది. రెండోసారి బస్సు కిటికీ పక్కన నిద్రపోతున్న పిల్లల దగ్గర మిగిల్చిన బిట్లను వాగు దగ్గర ఖర్చు పెడుతుంది. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది, పట్టనివ్వండి.

రెండోది మీ చేతిలో ఉంది. జూమ్ చేస్తే తెరమీది ప్రతి చుక్కా మారుతుంది. నడుస్తూ తీసినా అంతే. ఒకచోట నిలబడి, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, పది పదిహేను సెకన్లు కదపకుండా తీసిన దృశ్యం డిస్కు మీద అందంగా నిలుస్తుంది. ఇదే సందర్భంలో ఒక మాట: గుట్ట మీద కోయ పూజారులు రహస్యంగా చేసే పూజలు కెమెరా కోసం కావు. ఆ హద్దు ఎక్కడుందో జాతరకు వచ్చే ప్రతి కుటుంబానికీ తెలుసు, దాన్ని అలాగే ఉంచుదాం.

ఫోన్ నుంచి డిస్కుకు

ఫోన్‌లో మామూలుగా తీసే ఫుల్ హెచ్‌డీ బొమ్మ 1920 x 1080. గుణిస్తే 20,73,600 చుక్కలు. డీవీడీ బొమ్మకు సరిగ్గా 5 రెట్లు. 4కే బొమ్మ 82,94,400, సరిగ్గా 20 రెట్లు. అంటే ఫుల్ హెచ్‌డీ వీడియోను డీవీడీగా మార్చినప్పుడు ఐదు చుక్కల్లో నాలుగు పోతాయి. అందుకే డీవీడీ చేశాక ఫోన్‌లోని అసలు ఫైళ్లను తుడిచేయడం పెద్ద నష్టం. వాటిని హార్డ్ డిస్కులో విడిగా దాచండి. సెకనుకు 17 మెగాబిట్ల ఫోన్ వీడియో నిమిషానికి దాదాపు 130 ఎంబీ అవుతుంది. ఉన్నదున్నట్టు డీవీడీ మీద ఫైళ్లుగా రాస్తే 36 నిమిషాలకే డిస్కు నిండిపోతుంది కాబట్టి, అసలు ఫైళ్లకు డీవీడీ చాలదు.

ఫోన్‌ను నిలువుగా పట్టి తీస్తే నష్టం ఇంకా పెద్దది. వెడల్పాటి తెరలో నిలువు బొమ్మ ఆక్రమించేది దాదాపు 32 శాతం. 720 నిలువు వరుసల్లో 228లోనే మనుషులు ఉంటారు, మిగతాది నలుపు. నిలువెత్తు బంగారం తూకంలో ఇటు మనిషి, అటు బెల్లం, రెండు తట్టలూ కనిపించాలంటే ఫోన్ అడ్డంగా ఉండాల్సిందే.

ఇంకో తిరకాసు బొమ్మల వేగంలో ఉంది. ఫోన్లు సాధారణంగా సెకనుకు 30 బొమ్మలు తీస్తాయి. పాల్ డీవీడీకి కావాల్సింది 25. సెకనుకు ఐదు బొమ్మలు తీసేయడంతో కదలిక గతుకుల దారిలో బండిలా కుదుపుతుంది. చాలామంది భారతీయ టీవీ అంటే పాల్ అని గుడ్డిగా ఎంచుకుంటారు. కానీ మన దగ్గర అమ్ముడైన డీవీడీ ప్లేయర్లలో అత్యధికం ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో పద్ధతిని కూడా ఆడిస్తాయి. అందులో బొమ్మ 720 x 480, వేగం సెకనుకు 29.97. ఫోన్‌లో తీసిన జాతరకు ఎన్‌టీఎస్‌సీ మేలు. పాత టేపుల నుంచి తీసుకున్నదానికి పాల్ మేలు. ఈ రెండిటినీ ఒకే డిస్కులో కలపకండి.

ఫోన్ వీడియోలో వేగం స్థిరంగా ఉండదు కూడా. వెలుతురు తగ్గితే 30 కాస్తా 24కో 20కో పడిపోతుంది. ఈ ఫైల్‌ను నేరుగా డీవీడీ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అరగంట గడిచేసరికి డప్పు దెబ్బ ముందు, చేయి కదలిక వెనక పడుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందు స్థిరమైన వేగానికి మార్చుకుని, ఆ తర్వాత డీవీడీ పని మొదలుపెట్టండి.

డిస్కులో అసలు ఏముంటుంది

ఎంపీ4 ఫైల్‌ను డిస్కు మీదికి లాగి రాసేసి, టీవీలో ఆడటం లేదని దిగులుపడేవాళ్లు ఎక్కువ. పాత డీవీడీ ప్లేయర్‌కు ఎంపీ4 తెలియదు. అది వెతికేది వీడియో టీఎస్ అనే ఫోల్డర్‌ను. అందులో మూడు రకాల ఫైళ్లుంటాయి. బొమ్మ, శబ్దం ఉండేది వీఓబీ. ఏది ఎక్కడుందో దారి చెప్పేది ఐఎఫ్‌ఓ. దాని నకలు బీయూపీ. వీఓబీ ఒక్కోటీ 1 జీబీ దాటకూడదన్నది నియమం. కాబట్టి నిండు డిస్కులో బొమ్మ ఐదు వీఓబీ ముక్కలుగా ఉంటుంది. ఈ ఫోల్డర్‌ను తయారు చేయడాన్నే ఆథరింగ్ అంటారు.

2000ల్లో ఈ పనికి స్టూడియోల్లో నీరో, యూలీడ్ సాఫ్ట్‌వేర్లు వాడేవారు. విండోస్ విస్టా, విండోస్ 7లలో కొన్ని ఎడిషన్లకు విండోస్ డీవీడీ మేకర్ తోడుగా వచ్చేది. 2012లో విండోస్ 8తో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఉచితంగా దొరికేవాటిలో డీవీడీస్టైలర్ నమ్మదగినది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

డీవీడీలో ఒక టైటిల్‌కు 99 చాప్టర్ల దాకా పెట్టుకోవచ్చు. మెనూ పేజీలో 36 బటన్ల దాకా పడతాయి. ఇంటి జాతరకు అన్ని అక్కర్లేదు. బుధ, గురు, శుక్ర, శని అని నాలుగు బటన్లు పెట్టి, ఒక్కోదాని కింద మూడు నాలుగు చాప్టర్లు ఇస్తే రిమోట్ పట్టుకున్న నానమ్మ తనకు కావాల్సిన చోటికి తనే వెళ్లగలదు. చాప్టర్ ఎప్పుడూ పూర్తి బొమ్మ దగ్గరే మొదలవుతుంది కాబట్టి మీరు గుర్తు పెట్టిన చోటికి అర సెకను అటూ ఇటూ రావచ్చు.

మెనూలో తెలుగు అక్షరాలు ఒత్తులు విడిపోయి కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌తో పోరాడవద్దు. అప్పట్లో స్టూడియోలవాళ్లు అను ఫాంట్లతో ఫొటోషాప్‌లో పేర్లు రాసి, వాటిని బొమ్మగా మార్చి మెనూ వెనక అతికించేవారు. ఆ ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. ఇప్పుడైతే యూనికోడ్ ఫాంటుతో ఏ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనైనా రాసుకోవచ్చు.

మేడారం ఇప్పుడు ములుగు జిల్లా. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. జిల్లా పేరు మారుతుంది, ఏడాది మారదు. డిస్కు పేరులో, ఫైల్ పేరులో ముందు ఏడాది రాయండి. దారిపొడవునా కొన్న సమ్మక్క పాటల ఆల్బమ్ నుంచి పాటను వెనక పెట్టుకోవాలని అనిపిస్తుంది. ఇంట్లో చూసుకోవడం వేరు, డిస్కులు చేసి అమ్మడం వేరు. అమ్మాలంటే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట హక్కుదారు అనుమతి కావాలి.

డిస్కు మీద రాసే ముందు మొత్తాన్నీ ఒకే ఐఎస్ఓ ఫైల్‌గా హార్డ్ డిస్కు మీదికి తీసుకుని వీఎల్‌సీ ప్లేయర్‌లో మొత్తం చూడండి. మెనూ బటన్లు, శబ్దం, చివరి నిమిషం సరిచూసుకున్నాకే డిస్కు పెట్టండి. డీవీడీ రాతలో 1ఎక్స్ వేగం అంటే సెకనుకు 13.85 లక్షల బైట్లు. ఆ వేగంతో నిండు డిస్కు రాయడానికి 57 నిమిషాలు. 8ఎక్స్‌లో 7 నిమిషాలు, ముగింపుకు మరికొంత. 16ఎక్స్‌లో ఇంకో నిమిషమో రెండో మిగులుతాయి. ఆ కాస్త సమయం కోసం డిస్కును నిమిషానికి 9 వేల చుట్లకు పైగా తిప్పడంలో అర్థం లేదు. 8ఎక్స్ ఎంచుకోండి. ఫైనలైజ్ అనే ముగింపు పని జరగకపోతే, రాసిన డ్రైవ్‌లో కనిపించే డిస్కు పక్కింటి ప్లేయర్‌లో ఖాళీగా కనిపిస్తుంది. రాశాక సరిచూసే వెరిఫై గడికి టిక్కు పెట్టండి. పైన కాగితం స్టిక్కర్లు అంటించకండి. అంచు కాస్త లేచినా తిరిగేటప్పుడు డిస్కు అదురుతుంది. డిస్కుల కోసమే అమ్మే మెత్తటి మార్కర్‌తో రాస్తే సరి.

కంప్యూటర్‌లో చూడటం, కాపాడుకోవడం

విండోస్ 8 నుంచి విండోస్‌లో డీవీడీ ఆడించే సదుపాయం తనంతట తాను రాదు. వీఎల్‌సీ పెట్టుకుంటే సరిపోతుంది, ఎంపెగ్-2 కోసం విడిగా ఏమీ కొననక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనాలి. డిస్కు తిరగడం మొదలై ఆగిపోతుంటే కరెంటు చాలడం లేదని అర్థం. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చండి.

పాత జాతర డిస్కు ఆడిస్తే చేతులు ఊపిన చోట దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి. డిస్కు పాడవలేదు. టేపు కెమెరా ఒక్కో బొమ్మను రెండు సగాలుగా, సెకనుకు 50 సగాలు తీసేది. పాత టీవీకి అది సరిపోయేది. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే గీతలు పోతాయి. మనుషులు సాగినట్టో నొక్కినట్టో కనిపిస్తే తెర నిష్పత్తిని 4:3కో 16:9కో మార్చి చూడండి.

దుకాణంలో కొన్న సినిమా డిస్కుల సంగతి వేరు కానీ, ఇంట్లో చేసిన డిస్కులకు తాళం ఉండదు. కాబట్టి కాపీ చేయడం తేలిక. వీడియో టీఎస్ ఫోల్డర్‌ను అలాగే హార్డ్ డిస్కు మీదికి లాగండి. 8ఎక్స్ వేగంతో చదివితే ఒక్కో డిస్కుకు 7 నుంచి 10 నిమిషాలు. ఆరు జాతరలకు గంట. ఆరు నిండు డిస్కులు కలిపి 28.2 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడతాయి. సాధారణంగా పెన్‌డ్రైవ్‌లకు ఉండే ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు కానీ, వీఓబీలు 1 జీబీ ముక్కలు కనుక ఆ చిక్కు రాదు. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. హార్డ్ డిస్కులో ఒకటి, ఇంకో ఇంట్లో ఒకటి ఉండాలి. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ4 చేసుకున్నా ఆ ఫోల్డర్‌ను తుడిచేయకండి. మళ్లీ కుదించిన ప్రతిసారీ బొమ్మలో కొంత పోతుంది.

గీతలు పడ్డ డిస్కు మీద ఆశ వదులుకోవద్దు. డీవీడీలో అసలు సమాచారంతో పాటు తప్పులు దిద్దే అదనపు సమాచారం కూడా రాసి ఉంటుంది. దాని బలంతో దారి వెంట దాదాపు 6 మిల్లీమీటర్ల దాకా చెడిన భాగాన్ని కూడా డ్రైవ్ సరిచేసుకోగలదు. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే కొత్త గీత సమాచారం ఉన్న దారి వెంటే పడుతుంది. ఒక డ్రైవ్ చదవకపోతే ఇంకోదానిలో ప్రయత్నించండి. డ్రైవ్‌ను బట్టి ఫలితం చాలా మారుతుంది. దిద్దలేనిది ఒకటుంది: ఇంట్లో రాసిన డిస్కులో సమాచారం రంగుపొరలో ఉంటుంది. ఎండకు, వేడికి, తేమకు ఆ పొర వెలిసిపోతే తిరిగి తేలేం. 2004 జాతర డిస్కుకు ఇప్పటికే 20 ఏళ్లు దాటాయి.

కాబట్టి వచ్చే జాతరకు బెల్లం, ఒడిబియ్యం సర్దుకునే లోపే బీరువాలోని ఆరు డిస్కులూ బయటికి తీయండి. అన్నిటికంటే పాతది ముందు కాపీ చేయండి. డ్రైవ్ లేకపోతే ఊళ్లో పాత డెస్క్‌టాప్ ఉన్నవారిని అడగండి, ఫొటో స్టూడియోలో అడగండి. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌లు ఇంకా అమ్ముతున్నారు, ఇంటికొకటి అక్కర్లేదు, బంధువులంతా కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.